జఫార్ రేవులో కరణం

ఒమాన్ దేశపు దక్షిణ కొసన సలాలా నగరం ఉంది. ఆ తీరాన అల్ బలీద్ అనే చోట పాత రేవుపట్నం శిథిలాలున్నాయి. ధూపద్రవ్యాల వర్తకానికి సంబంధించిన మరికొన్ని స్థలాలతో కలిపి 2000లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1330 ప్రాంతంలో చూసి, స్వదేశం చేరాక 1355లో జ్ఞాపకం మీద చెప్పి రాయించిన జఫార్ పట్నం ఇదే.

మొగమాటం ఎరగని యాత్రికుడు. ఊరి వెలుపలి హర్జా బజారు వంటి మురికి బజారు అరుదనీ, చేపలూ పండ్లూ అమ్మడం వల్ల ఈగలు ముసురుతాయనీ అంటాడు. పశువులకు మేతగా ఎండుచేపలు వేయడం మరెక్కడా చూడలేదంటాడు. మనుషులు మాత్రం వినయవంతులు, పరదేశులంటే ఆదరం గలవారు. లోతైన బావుల నీటితో జొన్న పండించుకుంటారు కాని, ముఖ్యాహారం హిందూదేశం నుంచి ఓడల్లో వచ్చే బియ్యం. నూలు బట్టలూ అక్కడివే. నడుముకొకటి చుట్టుకొని, ఎండకు మరొకటి వీపు మీద కప్పుకొంటారట. పంచె, కండువా అని మనం అనుకోకుండా ఉండలేము!

ఓడ వచ్చినప్పటి మర్యాద చూడదగ్గది. సుల్తాను సేవకులు సంబూక్ అనే పడవల్లో ఎదురువెళ్ళి ముగ్గురికి కొత్త దుస్తులిస్తారు: ఓడ యజమానికి, నావికుల పెద్దకు, ‘కరానీ’కి. ఆ ముగ్గురినీ గుర్రాలెక్కించి, వాద్యాలతో ఊరేగిస్తారు. ఓడలోని అందరికీ మూడు రోజులు భోజనం. ఇదంతా ఓడల యజమానుల మనసు గెలుచుకోవడానికేనని ఇబ్న్ బతూతాయే చెప్పేశాడు. మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనానిది కూడా ఈ లెక్కే. తుపానుకు దెబ్బతిన్న ఓడల సరుకును పూర్వరాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. ఓడ రాకపోతే రేవు లేదు.

ఇక ఆ కరానీ ఎవరు? ఓడ లెక్కలు రాసేవాడు. మాటకు మూలం సంస్కృత ‘కరణ’ అని నిఘంటుకారులు చెబుతారు. తమిళనాట 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యేదాకా ఊరి లెక్కలు రాసిన కర్ణం, కరణం ఆ మాటకు దాయాదులే. ఒడిశాలోని మన విద్యార్థులకు అక్కడి లేఖక కులమైన కరణాలు తెలియనివారు కారు. అయితే మన కరణమే జఫార్ చేరాడని చెప్పుకోకూడదు. ఏ తీరపు నోట ఆ మాట ఓడెక్కిందో దాని రూపం ఒక్కటే చూసి తేల్చలేము.

ఇబ్న్ బతూతా సరిగ్గా ఇక్కడే తొందరపడ్డాడు. తాను బసచేసిన ఇంట దాసీల పేర్లు బుఖైత్, జాద్ అల్ మాల్. ఈ పేర్లు తన మగ్రిబ్ దేశంలో తప్ప ఎక్కడా వినలేదు. ఇంటింటా వేలాడే తాటాకు చాప, జొన్నల తిండి కూడా అక్కడివాటిలాగే కనిపించాయి. ఇంకేం, మగ్రిబ్‌లోని సన్‌హాజా తెగలు దక్షిణ అరేబియా హిమ్యర్ సంతతివారనే పాత వాదానికి ఇది బలమన్నాడు. దాసీలను సరుకులా అమ్మిన కాలంలో వాళ్ళ పేర్లు ఎంత దూరమైనా పోగలవు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో మీ ఇంటి మాటలు పోగుచేసేటప్పుడు ఈ చిక్కే ఎదురవుతుంది. పొరుగు భాషలో మన మాట కనబడగానే వలసకథ అల్లాలనిపిస్తుంది. బంధుత్వాల పేర్లు, సంఖ్యలు, క్రియలు కలిసినప్పుడు ఒక రకంగానూ, సరుకుల పేర్లు, ఉద్యోగాల పేర్లు మాత్రమే కలిసినప్పుడు మరొక రకంగానూ ఆలోచించాలి. జఫార్‌లో తమలపాకు తీగెలూ కొబ్బరిచెట్లూ పెంచేవారు. ఇబ్న్ బతూతా వాటిని తంబూల్ అనీ, నార్జీల్ అనీ రాశాడు. తాంబూలం, నారికేళం అనే మాటలు వీటిలో స్పష్టంగానే వినిపిస్తున్నాయి. వాటిని చూసి జఫార్ జనం హిందూదేశం నుంచి వలసవచ్చారని ఆయన కూడా అనలేదు.