జైలుకీ హాలీవుడ్‌కీ మధ్య 17 ఏళ్లు: డానీ ట్రెహో కథలో రీల్స్ దాటేసే భాగం

'అనకొండ' సినిమా గుర్తుందా? 1997లో వచ్చింది. ఫస్ట్ సీన్‌లో నది మధ్యలో ఒక పడవ, అందులో ఒక్కడే ఒక వేటగాడు ఉంటాడు. కింద చెక్కలు విరగ్గొట్టుకుని ఏదో పైకి వస్తుంటుంది. వాడు భయంతో పడవ స్తంభం పైకి ఎక్కి, ఇక తప్పించుకోలేనని అర్థమై, తనను తానే కాల్చుకుంటాడు. రెండు మూడు నిమిషాల పాత్ర. కానీ ఆ మొహం మర్చిపోలేం. లోతైన గీతలు, పెద్ద మీసం, పొడుగు జుట్టు. 'డెస్పరాడో'లో ఒంటినిండా కత్తులు పెట్టుకుని తిరిగేవాడు, 'బ్రేకింగ్ బ్యాడ్'లో తాబేలు మీద తల తేలినవాడు, 'స్పై కిడ్స్'లో పిల్లలకి గ్యాడ్జెట్లు తయారుచేసిచ్చే పెదనాన్న, అన్నీ ఇతనే. పేరు డానీ ట్రెహో.

ఇతని మీద రీల్స్ బోలెడు ఉన్నాయి. "నిన్న ఖైదీ, నేడు హాలీవుడ్ స్టార్" అని ముప్పై సెకన్లు, వెనకాల పెద్ద మ్యూజిక్. ఒక్క సినిమా ఛాన్స్ అతని జీవితాన్ని మార్చేసింది అంటారు. అసలు జరిగింది ఈ ఆర్డర్‌లో కాదు. మత్తు మానేసింది 1968లో, సినిమా వచ్చింది 1985లో. మధ్యలో ఉన్న 17 ఏళ్లను ఏ రీల్ చూపించదు, ఎందుకంటే అందులో ఫైట్లు లేవు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

మొదటి నుంచి చూద్దాం. డానీ 1944 మేలో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. మెక్సికన్ అమెరికన్ కుటుంబం. పెరిగింది పకోయిమా అనే ఏరియాలో, శాన్ ఫెర్నాండో వ్యాలీలో. ఇంట్లో నాన్న స్ట్రిక్టు, బయట బాబాయి గిల్బర్ట్ హీరో. మంచి బట్టలు, జేబులో డబ్బు, బాక్సింగ్. పిల్లాడికి ఎవరు నచ్చుతారు చెప్పండి? ఆ బాబాయే ఎనిమిదేళ్లకి గంజాయి, పన్నెండేళ్లకి హెరాయిన్ అలవాటు చేశాడు. ఇవన్నీ డానీ దాచిన విషయాలు కాదు, ఇంటర్వ్యూల్లోనూ తన ఆత్మకథలోనూ తనే చెప్పాడు. బాక్సింగ్ నేర్పింది కూడా ఆ బాబాయే. ఈ రెండో పాఠం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత దొంగతనాలు, దోపిడీలు, పిల్లల జైళ్లు, పెద్దల జైళ్లు. ఒకసారైతే హెరాయిన్ అని చెప్పి చక్కెర అమ్మాడు. కొన్నది మారువేషంలో ఉన్న ఫెడరల్ ఏజెంట్. అమ్మింది చక్కెరే అయినా లోపలికి వెళ్లక తప్పలేదు. శాన్ క్వెంటిన్, ఫోల్సమ్, సోలెడాడ్, కాలిఫోర్నియాలో పేరున్న జైళ్లన్నీ చుట్టేశాడు. శాన్ క్వెంటిన్‌లో లైట్‌వెయిట్, వెల్టర్‌వెయిట్ రెండింట్లోనూ ఛాంపియన్. ఛాతీ మీద సోంబ్రెరో టోపీ పెట్టుకున్న అమ్మాయి టాటూ ఉంటుంది చూడండి, అది మొదలైంది కూడా అక్కడే.

ఇక్కడ చిన్న బ్యాక్‌గ్రౌండ్ చెప్పాలి. అప్పటి కాలిఫోర్నియాలో చాలా నేరాలకి శిక్ష ఇన్నేళ్లు అని ఫిక్స్‌డ్‌గా ఉండేది కాదు. పెద్ద రకం దోపిడీకి "ఐదేళ్ల నుంచి జీవితకాలం" అని వేసేవాళ్లు. ఎప్పుడు వదలాలో ఒక బోర్డు చూసి చెప్పేది. ఈ పద్ధతి 1977లో గానీ పోలేదు. అంటే లోపల ఉన్నవాళ్లలో చాలామందికి బయటికెళ్లే తేదీయే తెలీదు. డెడ్‌లైన్ లేని ప్రాజెక్టులో ఇరుక్కుంటే మనకే పిచ్చెక్కుతుంది, అది జైలైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా జైల్లో మత్తు దొరకదని మనం అనుకుంటాం కానీ, దొరుకుతుంది. హెరాయిన్ దొరుకుతుంది, పళ్లు పులియబెట్టి సొంతంగా సారా లాంటిది కూడా చేసుకుంటారు. గోడలు కట్టినంత మాత్రాన అలవాటు పోదు.

1968 మే 5. మెక్సికన్ అమెరికన్లకి అది సింకో డి మాయో, 1862లో ఫ్రెంచ్ సైన్యం మీద గెలిచిన రోజు. సోలెడాడ్ జైల్లో ఖైదీలకీ బయట నుంచి వచ్చిన కాలేజీ టీమ్‌కీ బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. గొడవ మొదలై పెద్ద అల్లరైంది. డానీ విసిరిన రాయి ఒక జైలు అధికారి తలకి తగిలింది. అతన్నీ, ఇంకో ఇద్దరినీ తీసుకెళ్లి చీకటి సెల్‌లో పడేశారు. ఇక గ్యాస్ ఛాంబరే అనుకున్నారు ముగ్గురూ. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, ఏడాది ముందే, 1967 ఏప్రిల్‌లో, శాన్ క్వెంటిన్ గ్యాస్ ఛాంబర్‌లో ఒకరికి మరణశిక్ష అమలైంది. సోలెడాడ్ కూడా మామూలు జైలు కాదు. 1970 జనవరిలో అక్కడే గార్డు కాల్పుల్లో ముగ్గురు ఖైదీలు చనిపోవడం, కొన్ని రోజులకే ఒక గార్డు హత్య జరగడం అమెరికా అంతా వార్త అయ్యాయి.

ఆ సెల్‌లో డానీ దేవుడికి ఒక మాట ఇచ్చాడు. నన్ను గౌరవంగా చావనివ్వు, బతికినన్ని రోజులూ నీ పేరు తలుచుకుంటాను, తోటి ఖైదీలకి చేతనైన సాయం చేస్తాను అని. "తోటి మనుషులకి" అనలేదు, "తోటి ఖైదీలకి" అన్నాడు. ఎందుకంటే బయటికొస్తానని అతను అనుకోలేదు! తర్వాత ఇంటర్వ్యూల్లో ఈ విషయం నవ్వుతూ చెబుతుంటాడు. చివరికి సాక్ష్యం సరిపోక ఆ కేసు నిలబడలేదు. 1969లో జైలు నుంచి బయటికొచ్చాడు. మత్తు మానేసిన లెక్క మాత్రం 1968 నుంచే వేస్తాడు. 2022 ఆగస్టులో 54 ఏళ్లు పూర్తయ్యాయని పోస్ట్ పెట్టాడు.

ఇప్పుడు మీకో డౌట్ రావాలి. దేవుడికి మాట ఇస్తే హెరాయిన్ మానేయొచ్చా? అలా మాట ఇచ్చి తప్పినవాళ్లు మన వీధిలోనే ఎంతమంది ఉంటారు! మాట ఇవ్వడం ఒక్క రాత్రి పని. దాన్ని మర్నాడు, ఆ మర్నాడు ఎలా నిలబెట్టుకోవాలి అనేదే ప్రాబ్లం. దానికి అప్పటికే ఒక సిస్టమ్ ఉంది. 1935లో అమెరికాలోని అక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు స్టాక్ బ్రోకర్, ఒకరు సర్జన్, కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు. ఏఏ అంటారు. ఐడియా చాలా సింపుల్: తాగాలనిపించినప్పుడు ఇంకో తాగుబోతు దగ్గరికెళ్లి మాట్లాడు. వాడికి సాయం చేయడానికి వెళ్తావు, నువ్వు కూడా ఆ రోజుకి బయటపడతావు. ఫీజు లేదు, ఇంటి పేర్లు అడగరు, లెక్చర్ ఇచ్చే పెద్దమనిషి ఉండడు. 1942లో ఇది జైలు లోపలికి కూడా వచ్చింది. వచ్చింది ఎక్కడో తెలుసా? శాన్ క్వెంటిన్‌లో, వార్డెన్ క్లింటన్ డఫీ టైంలో. డ్రగ్స్ వాడేవాళ్ల కోసం నార్కోటిక్స్ అనానిమస్ 1953లో మొదలైంది, అది కూడా డానీ పెరిగిన దక్షిణ కాలిఫోర్నియాలోనే. (ఏఏ మీటింగులు హైదరాబాద్‌లో కూడా జరుగుతాయి. ఇంట్లో ఎవరికైనా అవసరం ఉంటే మన దేశంలో డ్రగ్స్ మానేయడానికి ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ 14446 ఉంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.)

డానీ టీనేజ్‌లోనే ఏఏ మీటింగ్‌కి వెళ్లాడు, అప్పుడు ఎక్కలేదు. 1968 తర్వాత ఎక్కింది. బయటికొచ్చాక చిన్నచిన్న పనులు చేసుకుంటూ మీటింగులకి వెళ్లాడు. తర్వాత తనే డ్రగ్ కౌన్సిలర్ అయ్యాడు. ఇదీ ఆ 17 ఏళ్లు. పొద్దున్నే ఎవరికో ఫోన్, సాయంత్రం ఎవరినో మీటింగ్‌కి తీసుకెళ్లడం, అర్ధరాత్రి "అన్నా, ఆగలేకపోతున్నా" అంటే వెళ్లి పక్కన కూర్చోవడం. సినిమాగా తీస్తే ఇంటర్వెల్‌కే జనం లేచి వెళ్లిపోతారు. కానీ ఆ టైంలో ఎవరో ఒకరు పక్కన కూర్చోబట్టే కొంతమంది బతికుంటారు.

1985. అలాంటి ఒక రాత్రే ఫోన్ వచ్చింది. డానీ సాయం చేస్తున్న ఒక కుర్రాడు ఏదో సినిమా సెట్‌లో పని చేస్తున్నాడు. అక్కడ కొకైన్ విచ్చలవిడిగా తిరుగుతోంది, మళ్లీ మొదలుపెట్టేస్తానేమో, ఒకసారి రా అన్నాడు. డానీ వెళ్లాడు. నటించడానికి కాదు, ఆడిషన్‌కి కాదు, ఆ కుర్రాడి పక్కన కూర్చోవడానికి వెళ్లాడు.

ఆ సినిమా 'రన్‌అవే ట్రైన్'. ఈ సినిమా కథే ఒక విచిత్రం. మొదట రాసుకున్నది జపాన్ డైరెక్టర్ అకీరా కురసావా, తీసింది రష్యన్ డైరెక్టర్ ఆండ్రే కొంచలోవ్‌స్కీ, డబ్బు పెట్టింది ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఇద్దరు నిర్మాతలు. జైలు నుంచి పారిపోయే ఖైదీల కథ. సెట్‌లో జైలు సీన్ కోసం ఖైదీల్లా కనిపించే ఎక్స్‌ట్రాలు కావాలి. డానీని చూసి ఒకతను, ఖైదీలా నటించగలవా, రోజుకి 50 డాలర్లు ఇస్తాం అన్నాడు. రాష్ట్రంలో ఉన్న పెద్ద జైళ్లన్నీ చూసొచ్చిన మనిషిని ఈ ప్రశ్న అడిగారు! సరే అని చొక్కా విప్పాడు. టాటూ చూసి వాళ్లకి నోట మాట రాలేదు.

అక్కడే ఇంకో మనిషి ఉన్నాడు, ఎడ్వర్డ్ బంకర్. ఇతని మీద వేరే ఎపిసోడ్ చేయాలి అసలు. 17 ఏళ్లకే శాన్ క్వెంటిన్‌కి వెళ్లి, లోపలే నవలలు రాయడం మొదలుపెట్టిన మనిషి. 1973లో మొదటి నవల అచ్చయింది, దాన్ని డస్టిన్ హాఫ్‌మన్‌తో సినిమా కూడా తీశారు. టారంటినో 'రిజర్వాయర్ డాగ్స్'లో మిస్టర్ బ్లూ ఇతనే. 'రన్‌అవే ట్రైన్' స్క్రీన్‌ప్లే రాసినవాళ్లలో ఒకడు. డానీ అతనికి జైల్లో పరిచయం, రింగ్‌లో అతని బాక్సింగ్ చూసినవాడు. హీరోల్లో ఒకరైన ఎరిక్ రాబర్ట్స్‌కి బాక్సింగ్ నేర్పాలి, రోజుకి 320 డాలర్లు, చేస్తావా అన్నాడు. అంత డబ్బు అనేసరికి డానీకి అర్థం కాలేదు, ఇంతకీ అతన్ని ఎంత గట్టిగా కొట్టాలి అని అడిగాడట! నేర్పించడం చూసిన డైరెక్టర్, రింగ్‌లో ఎరిక్‌తో తలపడే పాత్ర డానీకే ఇచ్చేశాడు. బాబాయి నేర్పిన రెండో పాఠం 41 ఏళ్ల వయసులో అలా పనికొచ్చింది.

నేను ఇంజనీరింగ్ చేసి ఐటీలో పనిచేసినవాడిని కాబట్టి ఒక విషయం నాకు వెంటనే తట్టింది. మన దగ్గర ఆఫర్ లెటర్ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. ఆరు నెలల గ్యాప్ ఉంటేనే పది ప్రశ్నలు అడుగుతారు. డానీకి మాత్రం ఆ గ్యాపే క్వాలిఫికేషన్ అయింది. అలాంటి పరిశ్రమలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? జైలు నుంచి వచ్చినవాళ్లలో ఎంతమందికి అలాంటి తలుపు తెరుచుకుంటుంది? అందుకే "అతను చేశాడు, నువ్వెందుకు చేయలేవు" అనే మాట నాకు నచ్చదు. సినిమా వరకు అదృష్టం పాత్ర ఉంది. ఆ రాత్రి ఆ సెట్‌లో బంకర్ లేకపోతే డానీ ఎక్స్‌ట్రాగా 50 డాలర్లు తీసుకుని ఇంటికెళ్లేవాడేమో. మర్నాడు మాత్రం మళ్లీ కౌన్సిలింగ్‌కి వెళ్లేవాడు, అందులో నాకు అనుమానం లేదు.

తర్వాత హాలీవుడ్ అతన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒకే పాత్రలో వాడుకుంది. మొదట్లో వచ్చినవి చాలావరకు పేరు కూడా లేని పాత్రలు, టైటిల్స్‌లో 'ఖైదీ నంబర్ 1' లాంటివి. తర్వాత అతని మీద వచ్చిన డాక్యుమెంటరీకి అదే పేరు పెట్టారు. మిమ్మల్ని ఎప్పుడూ టాటూలున్న కోపిష్టి మెక్సికన్‌గానే చూపిస్తున్నారు కదా అని ఎవరో అడిగితే, నేను నిజంగానే టాటూలున్న కోపిష్టి మెక్సికన్‌ని కదా అనుకున్నాడట. జోక్ బాగుంది. కానీ ఒక జాతి మొత్తాన్ని తెర మీద గూండాలుగానే చూపించే అలవాటు కూడా ఆ జోక్ వెనకాల ఉంది, అది వదిలేయలేం. 1995లో 'హీట్', 'డెస్పరాడో' రెండూ వచ్చాయి. 'డెస్పరాడో' షూటింగ్ టైంలోనే డైరెక్టర్ రాబర్ట్ రోడ్రిగెజ్ తనకి దూరపు చుట్టమని తెలిసింది. అదే రోడ్రిగెజ్ 2010లో 'మషేటే' తీసి డానీని హీరోని చేశాడు. అప్పుడు వయసు 66.

ఇంత పేరు వచ్చాక కూడా జైళ్లకి, మీటింగులకి వెళ్లి మాట్లాడటం ఆపలేదు. అయితే ఇతరుల పిల్లల్ని కాపాడినవాడికి తన ఇల్లు సేఫ్‌గా ఉంటుందని గ్యారంటీ లేదు. అతని కొడుకు, కూతురు ఇద్దరూ మత్తులో పడ్డారు. కౌన్సిలర్‌గా వందసార్లు చెప్పిన మాటలు ఇంట్లో పని చేయలేదు. అవతలివాడు తనంతట తాను సరే అనేవరకు తండ్రైనా ఏమీ చేయలేడని తెలిసి కూడా ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. తర్వాత ఇద్దరూ బయటపడ్డారు. కొడుకు పేరు గిల్బర్ట్. అవును, హెరాయిన్ ఇచ్చిన బాబాయి పేరే.

ఆ గిల్బర్ట్ ఇప్పుడు డైరెక్టర్. 'ఫ్రమ్ ఎ సన్' అని ఒక సినిమా తీశాడు. కనిపించకుండా పోయిన కొడుకుని వెతుక్కుంటూ తిరిగే తండ్రి కథ. ఆ తండ్రిగా నటించింది డానీ ట్రెహో. అందులో అతను గూండా కాదు, ఖైదీ నంబర్ 1 కాదు. కొడుకు కోసం వెతుకుతున్న ఒక ముసలి నాన్న, అంతే.