సున్నా ఒకటే, డిగ్రీలే వేరు

మొన్న పరీక్షలో 300 కెల్విన్లని రాంకైన్‌లోకి మార్చమంటే నేను 32 కూడా కలిపేసి మార్కులు పోగొట్టుకున్నా. ఎందుకు కలపకూడదో దీని చరిత్ర చదివాకే అర్థమైంది.

1848లో గ్లాస్గో ప్రొఫెసర్ విలియం థామ్సన్, ఏ పదార్థం మీదా ఆధారపడని ఉష్ణోగ్రత స్కేలు కావాలన్నాడు. అలా మొదలై వచ్చిందే కెల్విన్ స్కేలు. అంతకన్నా చల్లదనం లేని చోటే దాని సున్నా, డిగ్రీ సైజు మాత్రం సెల్సియస్‌ది. (కెల్విన్ అసలు ఒక ఏరు పేరు! యూనివర్సిటీ పక్కనే పారుతుంది. లార్డ్ బిరుదు వచ్చినప్పుడు ఆయన ఆ పేరు పెట్టుకున్నాడు.)

1859లో అదే యూనివర్సిటీ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ రాంకైన్, ఆ సున్నానే ఉంచి ఫారన్‌హీట్ డిగ్రీలు పెట్టాడు. సెల్సియస్, ఫారన్‌హీట్ సున్నాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టే అక్కడ 32 కావాలి. ఇక్కడ 1.8తో గుణిస్తే చాలు. 300 కెల్విన్లు అంటే 540 రాంకైన్. నీళ్లు గడ్డకట్టే 273.15 కెల్విన్లు 491.67 రాంకైన్ అవుతుంది. నేను రాసింది 572.