ముల్కీ పత్రం నుంచి గ్రూప్స్ పరీక్ష దాకా: రేగొండ ప్రాంతంలో సర్కారు కొలువు చదువుల చరిత్ర

పరకాల నుంచి భూపాలపల్లికి వెళ్లే దారిలో ఉన్న రేగొండ, 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రంగా ఉండి, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. పత్తి, వరి, మిరప పండించే ఇలాంటి ఊళ్ల నుంచి డిగ్రీ పూర్తి చేసిన యువతీయువకులు హనుమకొండకో, హైదరాబాద్‌లోని అశోక్‌నగర్‌కో వెళ్లి ఏళ్ల తరబడి ఉద్యోగ పరీక్షలకు చదవడం గత నలభై ఏళ్లలో స్థిరపడిన ఆనవాయితీ. దీన్ని కోచింగ్ కేంద్రాల చరిత్రగానో, విజేతల జీవితగాథలుగానో చెప్పుకోవడం వాడుక అయినప్పటికీ, అభ్యర్థి పుస్తకం తెరవకముందే తేలవలసిన ప్రశ్నలు మూడున్నాయి: పరీక్ష రాసే హక్కు ఎవరిది, ఏ భాషలో రాయాలి, ఏ విషయాలు చదవాలి. ఈ మూడింటికీ జవాబులు నూట యాభై ఏళ్లుగా రాజకీయాలలోనే తేలుతూ వచ్చాయి. వాటిని తేల్చిన పోరాటాలలో వరంగల్ ప్రాంతానికి ప్రత్యేకమైన పాత్ర ఉంది.

1853 నుంచి 1883 వరకు హైదరాబాద్ దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్, 1865లో జిల్లాబందీ విధానాన్ని, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి జీతం తీసుకునే అధికారుల ద్వారా పాలించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. నేటి కలెక్టర్‌కు సమానమైన అవల్ తాలూక్‌దారు, ఆయన కింద తహసీల్‌దారు, గ్రామాల లెక్కలు తనిఖీ చేసే గిర్దావరు వంటి పదవులు ఈ వ్యవస్థలో స్థిరపడ్డాయి. కొత్త పాలనకు కావలసిన చదువరుల కోసం ఉత్తర భారతదేశం నుంచి, ముఖ్యంగా అలీగఢ్ వైపు నుంచి, అధికారులను రప్పించడంతో పై కొలువులు సిఫారసుల మీదా పరిచయాల మీదా ఆధారపడ్డాయి. గ్రామస్థాయిలో కథ వేరు: శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీసు పటేల్, భూమి లెక్కలు రాసే పట్వారీ అనే ముగ్గురూ వతన్‌దార్లు, అనగా తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే హక్కుతో పనిచేసేవారు. ఈ విధంగా పరకాల పరిసరాల రైతు కుటుంబంలో పుట్టినవాడికి పై మెట్టు పలుకుబడి వల్లా, కింది మెట్టు పుట్టుక వల్లా అందకుండా పోయాయి.

దీనికి భాష తోడైంది. 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష కావడం, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూనే బోధనాభాషగా స్వీకరించడంతో, తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలకు కొలువు కావాలంటే ఉర్దూ చదువు తప్పనిసరి అయింది. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పడం అప్పటికి సాహసమే అయినా, జనాభాలో అధికసంఖ్యాకుల భాష అది కాకపోవడం వల్ల దాని ఫలం పట్టణాలలోని కొద్ది కుటుంబాలకే అందింది. సర్కారు బడి ఇవ్వని తెలుగు చదువును గ్రంథాలయాలు భుజాన వేసుకున్నాయి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఈ అవసరంలోంచే పుట్టాయి. నేడు ఉద్యోగార్థులతో నిండిపోయే జిల్లా గ్రంథాలయాల పఠన మందిరాలకు ఈ నిలయాలను పూర్వరూపాలుగా భావించవచ్చు.

బ్రిటిష్ ఇండియాలో ఈ కాలానికి పోటీ పరీక్ష పాతబడిన ఏర్పాటే. ఇండియన్ సివిల్ సర్వీసుకు 1855 నుంచి లండన్‌లో పోటీ పరీక్ష జరిగింది. 1922 నుంచి అది భారతదేశంలోనూ మొదలైంది. 1929లో మద్రాసు రాష్ట్రం తన సొంత సర్వీస్ కమిషన్‌ను ఏర్పాటు చేసుకుంది. కనుక కోస్తా జిల్లాల విద్యావంతులు ఇంగ్లీషు చదువుకూ, పరీక్ష పద్ధతికీ ఒక తరం ముందే అలవాటు పడ్డారు. హైదరాబాద్ రాజ్యంలో మాత్రం వాదమంతా స్థానికుడు ఎవరన్న విషయం చుట్టూ తిరిగింది. బయటి అధికారుల పట్ల పెరిగిన అసంతృప్తి ఫలితంగా ఏడవ నిజాం 1919లో ముల్కీ నిబంధనలను ఖరారు చేశాడు. వాటి ప్రకారం రాజ్యంలో పుట్టినవారు, లేదా పదిహేనేళ్లు స్థిరనివాసం ఉండి తిరిగి స్వస్థలానికి వెళ్లబోమని హామీ ఇచ్చినవారు ముల్కీలు. ఉద్యోగానికి ఆ మేరకు ధ్రువపత్రం కావాలి. చదువు కంటే ముందు కాగితం చూపించాలన్న నియమం ఈ ప్రాంతపు ఉద్యోగ చరిత్రలో అప్పుడు మొదలై, రూపాలు మారుతూ ఇప్పటికీ కొనసాగుతోంది.

1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసిన తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు, తెలుగు రావడంతో, ఉర్దూలో చదువుకున్న స్థానికులు ఒక్కసారిగా వెనకబడగా, కోస్తా ప్రాంతం నుంచి ఉపాధ్యాయులు, గుమాస్తాలు పెద్ద సంఖ్యలో నియమితులయ్యారు. డబ్బిస్తే ముల్కీ ధ్రువపత్రాలు దొరుకుతున్నాయన్న ఆరోపణలు ఈ అసంతృప్తికి ఆజ్యం పోశాయి. 1952 వేసవి తర్వాత వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాలపై విద్యార్థులు ప్రారంభించిన నిరసన హైదరాబాద్‌కు పాకింది. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పులలో విద్యార్థులు మరణించారు. నేటి హనుమకొండ జిల్లాలోని అక్కంపేటలో పుట్టి, అప్పటికి విద్యార్థిగా ఉన్న కొత్తపల్లి జయశంకర్ ఈ ఆందోళనలో పాల్గొని, తర్వాతి ఆరు దశాబ్దాలలో తెలంగాణ ఉద్యోగ వాటాల లెక్కలను నిలకడగా ప్రజల ముందుంచిన ఆచార్యుడయ్యారు. రేగొండ ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టడం వల్ల, కొలువుల కోసం జరిగిన పోరాటం ఆ జిల్లా చిరునామాలోనే నిలిచిపోయింది.

1956లో ఆంధ్ర, హైదరాబాద్ సర్వీస్ కమిషన్లను కలిపి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. రాజ్యాంగబద్ధమైన ఈ సంస్థ రాకతో సిఫారసు స్థానంలో ప్రకటన, దరఖాస్తు, రాతపరీక్ష, మౌఖిక పరీక్ష అనే క్రమం అధికారికంగా నెలకొన్నది. అయితే పెద్దమనుషుల ఒప్పందం ద్వారా తెలంగాణకు ఇచ్చిన రక్షణలు నిలకడగా నిలవలేదు. నివాస నియమాన్ని కాపాడేందుకు 1957లో చేసిన కేంద్ర చట్టంలోని కీలక నిబంధనను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది; అదే ఏడాది పాల్వంచలో మొదలైన ఆందోళన తెలంగాణ అంతటా వ్యాపించింది; ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో అదే న్యాయస్థానం తీర్పు చెప్పగానే కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. చివరికి 1973 నాటి ఆరు సూత్రాల పథకం, దాని ఆధారంగా చేర్చిన రాజ్యాంగంలోని 371డి అధికరణం, 1975 అక్టోబర్ 18న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఈ సమస్యకు కొత్త చట్రాన్నిచ్చాయి.

ఈ ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా, అంటే నియామకాల కోసం కలిపిన జిల్లాల సమూహాలుగా విభజించింది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాలు అయిదో జోన్ కిందకి వచ్చాయి. జిల్లాస్థాయి గుమాస్తా పోస్టులలో 80 శాతం, జోన్ స్థాయి నాన్‌గెజిటెడ్ పోస్టులలో 70 శాతం, నిర్దిష్ట గెజిటెడ్ పోస్టులలో 60 శాతం స్థానికులకు కేటాయించారు. స్థానికతకు కొలమానం పదిహేనేళ్ల నివాసం నుంచి బడి చదువుకు మారడం ఇందులోని ముఖ్యమైన మార్పు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారో అదే అభ్యర్థి స్థానిక ప్రాంతమయింది. ఉల్లంఘనలను సరిదిద్దేందుకు 1985 డిసెంబర్ 30న జారీ అయిన 610 జీవో దశాబ్దాలపాటు పూర్తిగా అమలు కాకపోవడం, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయవలసి రావడం మలి తెలంగాణ ఉద్యమానికి ప్రధాన కారణాలలో చేరాయి.

హక్కు విషయంలో ఇంత తగవు నడుస్తుండగానే, భాష విషయంలో నిశ్శబ్దంగా పెద్ద మార్పు జరిగింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు నాయకత్వంలో, ఇంటర్, డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలను తెలుగులో తయారుచేయించింది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలకు తెలుగు పారిభాషిక పదజాలం స్థిరపడడం ఈ పుస్తకాల చలవే. ఇవి తరగతి గదిని దాటి గ్రూప్స్ అభ్యర్థుల ప్రామాణిక గ్రంథాలయ్యాయి. 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలియడంతో, రేగొండ వైపు విద్యార్థి హైదరాబాద్ దాకా వెళ్లకుండానే పీజీ పూర్తిచేసే వీలు పెరిగింది. 1979 నుంచి యూపీఎస్సీ సివిల్ సర్వీసుల పరీక్ష ప్రిలిమినరీ, మెయిన్స్, మౌఖిక పరీక్ష అనే మూడంచెలకు మారి, మెయిన్స్ జవాబులు భారతీయ భాషలలో రాసే అవకాశమిచ్చింది. ఆ దారిలోనే శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో తెలుగు మాధ్యమంలో రాసి దేశంలో మూడో ర్యాంకు సాధించారు. అనంతరామన్ కమిషన్ సిఫారసుల మేరకు 1970లో వెనకబడిన తరగతులకు కల్పించిన 25 శాతం రిజర్వేషన్, సంక్షేమ వసతిగృహాలు, ఆ తర్వాత వచ్చిన ఎస్సీ, బీసీ స్టడీ సర్కిళ్లు మొదటి తరం చదువరులను పరీక్ష గుమ్మం దాకా తెచ్చాయి.

గ్రామస్థాయిలో తలుపు తెరుచుకున్నది 1984లో. ఆ ఏడాది జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేయడంతో వంశపారంపర్య హక్కు అంతరించింది. మరుసటి ఏడాది మండల వ్యవస్థ రావడంతో తాలూకా కేంద్రంలో ఉన్న సర్కారు రేగొండ వంటి ఊళ్లకే నడిచివచ్చింది. మండల కార్యాలయం, పోలీసు ఠాణా, ఉన్నత పాఠశాల ఒకే ఊళ్లో కనిపించడం వల్ల ఉద్యోగం కంటికి ఎదురుగా ఉన్న వస్తువయింది. జిల్లా ఎంపిక సంఘం, అనగా డీఎస్సీ, నిర్వహించిన ఉపాధ్యాయ నియామకాలు అన్నిటికంటే ముందు గ్రామీణ యువతను పుస్తకాల వైపు తిప్పాయి. అదే దశాబ్దాలలో నక్సలైటు ఉద్యమం, పోలీసు నిర్బంధం ఈ ప్రాంతంలోని చదువుకున్న యువతను రెండు వైపుల నుంచీ తాకాయి. 1997–98లో పురుగు పట్టి పత్తి పంట దెబ్బతిని, అప్పుల పాలైన రైతులు వరంగల్ జిల్లాలో ఆత్మహత్యలు చేసుకోవడం, సేద్యం మీద ఆశ సన్నగిల్లడం ఆ తర్వాతి పరిణామాలు. నెలనెలా జీతం వచ్చే కొలువు కుటుంబం మొత్తానికి భద్రత అన్న భావన ఈ అనుభవం తర్వాత మరింత గట్టిపడింది.

సన్నద్ధత అనే ఆచారానికి నేటి రూపం ఈ కాలంలోనే వచ్చింది. నోటిఫికేషన్ అన్నది ఏడాదిని కొలిచే పంచాంగమయింది. నాలుగు జవాబులలో ఒకటి గుర్తించే ప్రశ్నలకు బిట్లు అన్న పేరు స్థిరపడి, పాఠం మొత్తాన్ని బిట్లుగా విడగొట్టి గుర్తుంచుకోవడం ఒక నైపుణ్యమయింది. ఈనాడు ‘ప్రతిభ’, సాక్షి ‘భవిత’, నమస్తే తెలంగాణ ‘నిపుణ’ వంటి పేజీలను కత్తిరించి దాచుకోవడం, ఒకరు రాసిన నోట్సును పదిమంది జిరాక్స్ తీయించుకోవడం, నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని వండుకు తినడం, పొద్దుటి నుంచి రాత్రి దాకా హనుమకొండ గ్రంథాలయంలోనో, చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో కూర్చోవడం దీనిలో భాగాలు. ఇంటి నుంచి వచ్చే డబ్బు పంట మీద ఆధారపడినందున, పంట పోయిన ఏడాది చదువు కూడా ఆగిపోవడం లేదా ట్యూషన్లు, చిన్న కొలువులతో నెట్టుకురావడం మామూలయింది.

2014లో తెలంగాణ ఏర్పడి, ఆ ఆగస్టులోనే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వచ్చాక, మూడో ప్రశ్న అయిన పాఠ్యాంశం మారింది. ‘తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం’ అన్న అంశం గ్రూప్-1, గ్రూప్-2లలో ఒక పూర్తి పేపరుగా చేరడంతో, 1952 నాటి ముల్కీ ఆందోళన, పెద్దమనుషుల ఒప్పందం, 610 జీవో, జయశంకర్ వాదనలు మార్కులు తెచ్చే పాఠాలయ్యాయి. ఉద్యోగాల కోసం చేసిన పోరాటమే ఉద్యోగ పరీక్షకు సిలబస్ కావడం అరుదైన చారిత్రక పరిణామం. దీనితోపాటు ఊరి చుట్టూ ఉన్న పరిసరాలకు కూడా పరీక్షలో చోటు దొరికింది: రేగొండ మండలంలోని పాండవుల గుట్టల రాతిచిత్రాలు, గణపురం కోటగుళ్లు, రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించగా 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి, 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేసినవారిపై జరిగిన కాల్పులు. జాతరకో, పొలానికో వెళ్లేటప్పుడు చూసిన చోటు గురించి అభ్యర్థి తేదీలతో సహా చదవవలసి వచ్చింది.

స్థానికత నిర్వచనం కూడా 2018 నాటి కొత్త రాష్ట్రపతి ఉత్తర్వుతో మారింది. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్ల ఈ పద్ధతిలో భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం జోన్‌లోకి, పాత వరంగల్‌లోని హనుమకొండ భద్రాద్రి జోన్‌లోకి వెళ్లాయి. 95 శాతం పోస్టులు స్థానికులకే దక్కుతాయి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం చదివిన చోటే స్థానిక ప్రాంతం. దీనివల్ల మంచి చదువు కోసం చిన్నప్పుడే హనుమకొండ హాస్టల్‌లో చేరిన రేగొండ విద్యార్థి, జిల్లాస్థాయి పోస్టులకు తన సొంత జిల్లాలో స్థానికేతరుడయ్యే పరిస్థితి ఉంది. నిజాం కాలపు ముల్కీ పత్రం స్థానంలో నేడు ప్రాథమిక పాఠశాల ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ నిలిచింది.

హక్కు, భాష, పాఠ్యాంశం అనే మూడూ ఇలా పరిష్కారానికి దగ్గరైన తర్వాత నాలుగోది ముందుకు వచ్చింది, అది కాలం. రాష్ట్రం ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 ప్రకటన 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో వెలువడగా మూడున్నర లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ నిర్వహించిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన ఇచ్చి, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్ జరిపారు. ఒకే పరీక్షకు మూడుసార్లు మొదటి మెట్టు ఎక్కిన అభ్యర్థి, గది అద్దె కట్టిన నెలలూ, దాటిపోతున్న వయోపరిమితీ లెక్కించుకోక తప్పలేదు. 2024 ఆగస్టులో ప్రభుత్వం శాసనసభలో జాబ్ క్యాలెండర్‌ను ప్రకటించడం ఈ ఒత్తిడికి వచ్చిన స్పందనే.

ఈ చరిత్రను మొత్తంగా చూసినప్పుడు, వంశహక్కు, రాజభాష, నివాస నియమాల ఉల్లంఘన వంటి అడ్డంకులను సమూహాలు కలిసికట్టుగా తొలగించగా, వాటి ఫలితాన్ని మాత్రం ప్రతి అభ్యర్థీ ఒంటరిగా, పక్క కుర్చీలోని స్నేహితుడితో పోటీపడి సంపాదించుకోవలసి వస్తున్నదని తేలుతుంది. కొన్ని వందల పోస్టులకు లక్షలమంది పోటీపడే చోట, న్యాయంగా జరిగిన పరీక్ష సైతం అత్యధికులకు ఓటమినే మిగులుస్తుంది. న్యాయంగా, సకాలంలో జరిగితే మాత్రం ఓడినవారు తమ వయసును కాపాడుకుని మరో జీవనోపాధి వైపు తిరగగలుగుతారు. 1919లో పాలకులు ఇవ్వవలసినది స్థానికుడన్న గుర్తింపు అయితే, ఇప్పుడు ఇవ్వవలసినది చెప్పిన తేదీకి పరీక్ష, చెప్పిన తేదీకి ఫలితం.