నాలుగూళ్ల ఉదయగిరి

నెల్లూరు నుంచి పడమటికి బయల్దేరి ఆత్మకూరు దాటాక నేల రంగు మారుతుంది. పెన్న కాలువల కింది వరిపొలాలు వెనకబడతాయి. ఎర్రమట్టి, తుప్పలు, బండరాళ్లు మొదలవుతాయి. ఎదురుగా వెలిగొండలు గోడ కట్టినట్టు అడ్డంగా కనిపిస్తాయి. ఆ వరుసలో 3,079 అడుగుల ఎత్తున నిలిచిందే ఉదయగిరి దుర్గం. దాని పాదాల దగ్గర ఊరు.

చూడవలసినవేమిటని అడిగితే ఊరివాళ్లు చేయెత్తి కొండను చూపిస్తారు. పైన కోటగోడలు, కూలిన మందిరాలు, మసీదులు. కింద శ్రీకృష్ణుడి గుడి, రంగనాయకుల గుడి. ఇదంతా చూడదగ్గదే. అయితే ఉదయగిరి చరిత్రలో సగానికి పైగా ఇప్పుడు ఉదయగిరిలో లేదు. కొంత పోరుమామిళ్లలో ఉంది, కొంత తిరుమలలో, కొంత హంపిలో, చెన్నై మ్యూజియంలో. ఆ ముక్కలన్నీ కలిపి చూసినవారికే ఈ చిన్న ఊరు ఒకనాడు ఎంత పెద్దదో తెలుస్తుంది.

విజయనగరం పుట్టిన తొలి రోజుల్లోనే ఉదయగిరి ఒక రాజ్యానికి ముఖ్యపట్టణం. హరిహర బుక్కరాయల సోదరుడు కంపన ఇక్కడినుంచి తూర్పు సీమను ఏలాడు. వేదభాష్యకర్తగా దేశమంతా ఎరిగిన సాయణాచార్యుడు ఆ కంపనకు మంత్రి. 'సుభాషిత సుధానిధి' కూర్చింది ఆ కొలువులోనే. కంపన పోయాక అతని కొడుకు రెండో సంగముడికి చదువు చెప్పిందీ, రాజ్యభారం మోసిందీ సాయణుడే. ఆ సంగముడు 1356లో ఇచ్చిన బిట్రగుంట దానశాసనాన్ని సాయణుడి తమ్ముడు భోగనాథుడు రచించాడు. వేదభాష్యాలకు ముందు సాయణుడు ఈ కొండ నీడన రాజ్యపు లెక్కలు చూసుకున్నాడన్న సంగతి ఊరి బడిపిల్లలకు మొదటి పాఠంగా చెప్పదగ్గది.

తర్వాత బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరికి అధిపతిగా వచ్చాడు. అతనికి భవదూరుడని మరో పేరు. వెలిగొండలకు ఆవల, నేటి కడప జిల్లా పోరుమామిళ్లలో అతను తవ్వించిన చెరువు ఈనాటికీ నీళ్లు నింపుకుంటుంది. దాని గురించి 1369 నాటి శాసనం ఉంది. రాజును పొగడడంతో సరిపెట్టక, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువును పాడుచేసే ఆరు దోషాలనూ వరుసపెట్టి చెబుతుంది ఆ శాసనం. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని కూడా రాసి ఉంది. ఉదయగిరి పాలకులు కట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది కోట కాదు, ఈ చెరువే.

పదిహేనో శతాబ్దంలో కోట కళింగ గజపతుల చేతికి చిక్కింది. ఆ కాలంలో ఉదయగిరి ఏలిన బసవరాజు కొలువు తెలుగు కవిత్వానికి మంచి ఆశ్రయం. దూబగుంట నారాయణ కవి తన 'పంచతంత్రము'ను బసవరాజుకే అంకితమిచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగయ జంటకవులు 'ప్రబోధచంద్రోదయము'ను అతని మంత్రి గంగయకు అంకితం చేశారు. దూబగుంట పేరు వినగానే నెల్లూరువారికి 1990ల తొలి ఏళ్లలో ఆ ఊరి సారా వ్యతిరేక ఉద్యమం గుర్తుకొస్తుంది. ఆ పేరుతోనే అంతకు ఐదు వందల ఏళ్ల ముందు ఒక కవి కూడా ఉన్నాడు.

ఇక ముట్టడి సంగతి. ఉదయగిరిని తిరిగి గెలవాలన్నది విజయనగర రాజులకు తరాలుగా తీరని కోరిక. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కాక తూర్పు దిగ్విజయయాత్రకు బయల్దేరి మొదట పట్టింది ఈ కోటనే. కోట లోపల ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రౌతరాయడు కాపు. తర్వాత ఇరవై ఏళ్లకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ యుద్ధాన్ని తాను విన్నది విన్నట్టు రాసిపెట్టాడు. రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో ఉన్నది 10,000 కాల్బలం, 400 గుర్రాలు మాత్రమే. అంతకన్నా ఎక్కువ అవసరమే లేదంటాడు నూనిజ్. తిండి అందకుండా చేస్తే తప్ప లొంగే కోట కాదట. పైకి ఉన్నది ఒక్కటే దారి, అందులోనూ ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే.

రాయలు ఏడాదిన్నర కదలలేదు. బండలు పగలగొట్టించి, కొండ కడుపున బాటలు కొట్టించి, ఇరుకు దారిని వెడల్పు చేయించి బురుజుల దాకా సైన్యాన్ని నడిపించాడు. నూనిజ్ లెక్కలను అక్షరాలా నమ్మనక్కర్లేదు. కానీ కొండ ఎక్కినవారు ఆ బాటల మాటను శంకించలేరు. కొన్నిచోట్ల దాదాపు వెయ్యి అడుగుల నిలువు బండ మీద నిలిచిన కోట ఇది. ఇక్కడ గెలిచింది కత్తి పట్టినవారొక్కరే కాదు, గడ్డపార పట్టిన పేరులేని రాతిపనివాళ్లు కూడా. ఏ శాసనమూ వాళ్లను తలచుకోలేదు.

1514 వేసవిలో కోట పడింది. ఆ జూలై 6న రాయలు తిరుమలలో ఉన్నాడు. శ్రీవారికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి గెలుపును అక్కడి గోడల మీద చెక్కించాడు. ఉదయగిరిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని రాజధానికి తరలించి, 1515లో హంపిలో దానికోసం ప్రత్యేకంగా గుడి కట్టించాడు. ఆ గుడి తూర్పు గోపురం మీద డాళ్లు పట్టిన భటులు, గుర్రాలు, ఏనుగులు సున్నపు బొమ్మలుగా నిలిచి ఉదయగిరి యుద్ధాన్ని నేటికీ చూపుతున్నాయి. విగ్రహం మాత్రం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రాయల బంగారు వరహాల మీది బాలకృష్ణుడి ముద్ర కూడా ఈ విజయానికి గుర్తేనని అంటారు. ఒక ఊరి దేవుడు గెలిచినవాడి వెంట వెళ్లి, సామ్రాజ్యం కూలాక మరో నగరపు అద్దాల గదికి చేరాడు. హంపికి, ఎగ్మూరుకు వెళ్లే తెలుగువారు ఆయన పుట్టిల్లు ఉదయగిరి అని తెలుసుకుని చూడాలి.

విజయనగరం తర్వాత గోల్కొండ సుల్తానులు వచ్చారు. కొండ మీది పెద్ద మసీదును, తోటను అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో షేక్ హుసేన్ ఏర్పరిచాడని అక్కడి పారశీక శాసనాలు చెబుతాయి. గుడిని పడగొట్టి చిన్న మసీదు కట్టినట్టు 1642-43 నాటి ఘాజీ అలీ శాసనం చెబుతుంది. ఆర్కాటు నవాబుల హయాంలో ఉదయగిరి ఒక జాగీరు. చివరి జాగీరుదారు మీద ఈస్టిండియా కంపెనీవారు 1839లో రాజద్రోహం మోపి చెంగల్పట్టుకు పంపించేశారు.

కొండ మీద కూలినవాటిని తిరిగి నిలబెట్టుకోవడానికి ఒక దారి దూరదేశంలో కనిపిస్తుంది. జర్మనీలో రోతెన్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. 1945 మార్చి 31న బాంబులు పడి దాని పాత గోడలో కొంత కూలింది. యుద్ధం ముగిశాక ప్రపంచం నలుమూలల నుంచి దాతలు డబ్బిస్తే గోడ మళ్లీ లేచింది. ఇచ్చినవారి పేర్లు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. యాత్రికులు ఆ గోడ మీద నడుస్తూ వాటిని చదువుకుంటారు. విదేశాల్లో స్థిరపడిన నెల్లూరువారు తక్కువేం కాదు. ఉదయగిరి మెట్లకూ, మండపాలకూ అలా ఒక్కొక్కరు ఒక్కో రాయి ఇవ్వగలరు. కొండెక్కే దారి, తాగునీరు, శాసనాల తెలుగు అనువాదంతో ఒక పలక ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

ఊరు విడిచి పోనిది ఒకటుంది, కొయ్యచెంచాల పని. బిక్కి, దేవదారి వంటి అడవి చెట్ల కర్రను కోసి, చెక్కి, నున్నగా అరగదీసి గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. పిడుల మీద పూలు, తీగలు దిద్దుతారు. కొండ మీది మసీదులు కట్టిన కాలపు పారశీక పోకడలు ఆ తీగల్లో కనిపిస్తాయి. ఎక్కువగా ముస్లిం ఇళ్లలో, అందులోనూ ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే పని ఇది. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కొండ ఎక్కలేనివారు ఆ వీధుల్లోకి వెళ్లి పని జరుగుతుండగా చూడవచ్చు, బేరమాడకుండా ఒక గరిటె కొనుక్కోవచ్చు.