షక్కర్ దిగిన రేవు

మా భాంజా ఒక పెద్ద క్రూజ్ షిప్పులో పని చేస్తాడు. నిజామాబాద్ పిల్లగాండ్లు దుబాయికో దమ్మామ్‌కో పోతే ఇక్కడ ఎవరికీ వింత కాదు. ప్రతి గల్లీలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వీడు మాత్రం హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, సీడీసీ బుక్కు చేతబట్టుకుని సీదా సమందర్ మీదికే పోయాడు. తొమ్మిది నెలల కాంట్రాక్టు. మా ఆపా ఇప్పటికీ మొహల్లాలో ఎవరడిగినా "జహాజ్‌ల నౌకరీ" అని ఒక్క ముక్కలో చెప్పేసి మాట మారుస్తుంది. షిప్పంటే ఆమె కండ్లలో తుఫానే కనపడుతుంది.

ఒకరోజు ఫజర్ చదివి ఫోను చూస్తే వాడి దగ్గర్నుంచి ఒక ఫోటో, ఒక వాయిస్ మెసేజ్. ఫోటోలో నీళ్ళ ఒడ్డున పొడుగాటి నల్ల బిల్డింగ్, దాని మీద వెండి తీగలు అల్లుకున్నట్టు జాలీ. మెసేజ్‌లో వాడి గొంతు: "మామూ, ఈ బిల్డింగ్ ఉన్న జాగాల ముందు షక్కర్ కార్ఖానా ఉండెనట. మా షిప్పు ఆగిన కాడికి దగ్గరే. మన షక్కర్‌నగర్ యాదికొచ్చింది."

అప్పటికి నాకు ఆ ఊరి పేరు పలకడం కూడా రాదు. ప్వాంట్-ఆ-పీత్ర్. కరీబియన్ సమందర్‌లో గ్వాడెలూప్ అనే ఫ్రెంచ్ దీవిలో పెద్ద బందర్గాహ్. మ్యాపులో ఆ దీవి రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. రెండు రెక్కల మధ్య సన్నటి ఉప్పునీటి పాయ, ఆ పాయ అఖాతంలో కలిసే చోట ఈ ఊరు. క్రూజ్ షిప్పులు ఊరి నడిబొడ్డుకే వచ్చి ఆగుతాయి. దిగిన ముసాఫిర్లు పది నిమిషాలు నడిస్తే మసాలాల బజార్, పాత రేవు, విక్టరీ చౌక్ అన్నీ కాళ్ళ ముందే. కంటైనర్ల గోల అంతా అఖాతం అవతల ఝారీ అనే చోటికి మార్చేశారు. ఇవతలి ఒడ్డు సైలానీలకు మిగిలింది.

ఇంత పెద్ద జహాజ్‌లు ఊరి గుమ్మం దాకా ఎందుకు రాగలుగుతున్నాయని నేను వెదుక్కుంటూ పోతే, తిరిగి తిరిగి షక్కర్ దగ్గరికే వచ్చాను. వాడు ఫోటో పంపిన జాగాలో ఉండింది దార్‌బూసియే కార్ఖానా. 1869లో మొదలైంది. చుట్టుపక్కల దీవుల్లోకెల్లా పెద్ద కార్ఖానాల్లో ఒకటి. నీళ్ళ ఒడ్డున కట్టడంలోనే దాని కిటుకంతా ఉంది. చెరకు ఒక పక్కనుంచి లోపలికి, బస్తాలు ఇంకో పక్కనుంచి సీదా జహాజ్‌లోకి. షక్కర్ కోసం రేవు, రేవు కోసం ఊరు. 1980లో కార్ఖానా బంద్ అయింది. 2015 మే 10న అదే జాగాలో బానిసత్వం తారీఖ్ చెప్పే పెద్ద మ్యూజియం తెరిచారు. దాని పేరు మెమోరియల్ ఆక్ట్. ఎనిమిది కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది. నౌకరీల్లేక యువకులు తిరుగుతుంటే ఇంత పైసా గోడలకా అని అక్కడివాళ్ళే నిలదీశారు. ఆ సవాల్ నాకు తప్పనిపించలేదు. అయినా ఆ నల్ల గోడ ఫోటోను నేను చాలాసార్లు చూశాను.

ఆ గోడ వెనక మన కథ కూడా ఉంది మరి. 1848లో ఫ్రెంచ్ వాళ్ళు తమ దీవుల్లో గులామీని రద్దు చేశారు. ఆజాద్ అయిన మనుషులు అదే దొర, అదే చేను దగ్గర అదే బతుకు బతకడానికి ఎందుకు ఒప్పుకుంటారు? చెరకు మాత్రం ఆగదు. చెరకు కోసిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో గానుగకు పడకపోతే తీపి పోతుంది. మా బోధన్ రైతునెవర్నడిగినా చెప్తాడు. దొరలు మజ్దూర్ల కోసం హిందుస్తాన్ వైపు చూశారు. ఫ్రెంచ్ వాళ్ళ చేతిలో పుదుచ్చేరి, కారైకాల్, మన గోదావరి ఒడ్డున యానాం ఉండనే ఉన్నాయి. 1854 డిసెంబర్ 24న ఒరేలీ అనే ఓడ మూడు వందల మందికి పైగా మనవాళ్ళను ప్వాంట్-ఆ-పీత్ర్ రేవులో దించింది. అది మొదటి ఓడ. 1889 దాకా అలా వచ్చినవాళ్ళు దగ్గర దగ్గర 42,000 మంది. అయిదేళ్ళ ఒప్పందం. ఫీజీలో మనవాళ్ళు గిర్మిట్ అన్న కాగజ్ లాంటిదే ఇది. కాలం నిండకముందే ఆ మట్టిలో కలిసిపోయినవాళ్ళు చాలామంది. అక్కడ చనిపోతున్న లెక్క చూసి చివరికి ఇంగ్లీషు సర్కారే 1888లో మజ్దూర్లను పంపడం ఆపేసింది. ఇంగ్లీషు సర్కారుకే జాలి కలిగిందంటే పరిస్థితి ఎలా ఉండేదో మీరే అందాజా వేసుకోండి.

వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్ళూ ఉన్నారు, కలకత్తా రేవు నుంచి వెళ్ళిన ఉత్తరాదివాళ్ళూ ఉన్నారు. కాని రేవులో దిగిన తర్వాత ఈ ఫరక్ ఎవరికి కావాలి? దొరల నోట అందరూ "మలబార్"లే. మలబార్ ఎక్కడ, గోదావరి ఎక్కడ! మారిషస్‌లో ఇలా కాలేదు. కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అన్నారు, కాబట్టి రేవు పేరైనా వాళ్ళ వెంట మిగిలింది. గ్వాడెలూప్‌లో అదీ మిగల్లేదు. ఫ్రెంచ్ గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నదే ఇంటిపేరైపోయింది.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఆన్రీ సిదంబరం. 1863లో గ్వాడెలూప్‌లోనే పుట్టాడు, అమ్మానాన్నలు మన దేశంనుంచి పోయినవాళ్ళు. తన ఊరి హిందుస్తానీల పేర్లను 1904లో ఓటర్ల జాబితాలో ఎక్కించబోతే సర్కారు అడ్డుపడింది. ఇక్కడ పుట్టినా మీరు ఫ్రెంచ్ వాళ్ళు కారంది. ఆయన అదాలత్‌కు పోయాడు. 1923లో పారిస్ సర్కారు దిగొచ్చి వాళ్ళ పౌరసత్వాన్ని ఒప్పుకునేదాకా పంతొమ్మిదేళ్ళు కొట్లాడాడు. పుట్టిన మట్టి మీద నిలబడి కాగజ్ చూపించమంటే ఎలా ఉంటుందో మా ఇండ్లలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ రేవు పక్కన, మొదటి ఓడ దిగిన రోజు యాదిగా, ఒక స్మారకం ఉంది. క్రూజ్ షిప్పు దిగినవాళ్ళలో ఎంతమంది దాని ముందు ఆగుతారో నాకు తెలీదు. వాళ్ళకు ఉండేది కొన్ని గంటలే. బీచ్ ఉంది, బజార్ ఉంది.

బజార్‌లో మాత్రం తెలియకుండానే మనవాళ్ళను కొనుక్కుపోతారు. అక్కడి పసుపు, ధనియాలు, ఆవాలు కలిపిన మసాలా పొడి పేరు కొలొంబో. శ్రీలంకతో పనిలేదు, తమిళుల కుళంబు అలా అయిందంటారు. మసాలాలమ్మే ఆడవాళ్ళు నెత్తికి చుట్టుకునే గళ్ళ గుడ్డ పేరు మద్రాస్. ఎరుపు, పసుపు, నీలం గళ్ళు. ఒకప్పుడు చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద కూడా ఇలాంటి గళ్ళ రుమాళ్ళు నేసి మద్రాసు రేవు నుంచి దూరదేశాలకు ఎక్కించేవాళ్ళు. నేసినవాడి పేరూ ఊరూ పోయి, ఓడ ఎక్కిన రేవు పేరే బట్టకు మిగిలింది. మనుషులకు మిగలని భాగ్యం గుడ్డకు దక్కింది.

రేవు అంటే గుర్తొచ్చింది. మా ఉర్దూ బడిలో జుగ్రాఫియా ఉస్తాద్ బందర్గాహ్ అనే మాట చెప్పినప్పుడు నాకు బందరు లడ్డూ గుర్తొచ్చి నవ్వాను. చెవి మెలేశారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అర్థమైంది, నేను నవ్వింది కరెక్టే. మచిలీపట్నాన్ని బందరు అని పిలిచే ప్రతి తెలుగువాడి నోట్లో ఒక ఫారసీ మాట హాయిగా కాపురం చేస్తోంది.

అలాంటి మాట ఒకటి కరీబియన్ రేవులో కూడా దిగింది. నా భాంజా షిప్పు దక్షిణానికి పోతే తగిలే దీవి ట్రినిడాడ్. అది ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళ దీవి. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కూడా క్రూజ్ షిప్పులు ఊరి మధ్యకే వస్తాయి. ఆ తీరానికి హిందుస్తానీ మజ్దూర్లతో వచ్చిన మొదటి ఓడ 1845 మే 30న చేరింది. కలకత్తాలో ఎక్కినవాళ్ళు రెండు వందల పైచిలుకు, దారిలో మూడు నెలలకు పైగా. ఇంగ్లీషు పుస్తకాల్లో ఓడ పేరు ఫాటెల్ రజాక్ అని ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అది ఫత్హుర్రజ్జాక్! రజ్జాక్ అంటే రిజ్క్ ఇచ్చేవాడు, జీవరాశికి తిండి పెట్టేవాడు. అల్లా పేర్లలో ఒకటి. ఓ ముసల్మాన్ వ్యాపారి కట్టించుకున్న ఓడ అంటారు. తిండి పెట్టేవాడి పేరున్న ఓడలో తిండి కోసం ఎక్కారు వాళ్ళు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒకర్నొకరు జహాజీ భాయ్ అని పిలుచుకున్నారు. కులం, మజహబ్ ఏదైనా సరే, ఓడ ఒక్కటైతే అన్నదమ్ములే. ఆ వరస ఉర్దూదో హిందీదో భోజ్‌పురీదో తేల్చుకోవడానికి అప్పుడెవరికీ తీరిక లేదు.

వాళ్ళతోపాటు ముహర్రం కూడా దిగింది. అక్కడ దాన్ని హుసే అంటారు. యా హుసేన్ అనే పిలుపు అలా అయింది. తాజియాలు కట్టి, తాషా డప్పులు కొట్టి ఊరేగిస్తారు. చెరకు చేలల్లో పనిచేసే హిందువులు, ఆఫ్రికా మూలాల వాళ్ళు కూడా అందులో కలిసేవాళ్ళు. 1884లో, చెరకు చేలల్లో మజ్దూర్ల గొడవలు ముదిరిన రోజుల్లో, ఊరేగింపులు పట్నంలోకి రావద్దని ఇంగ్లీషు సర్కారు హుకుం చేసింది. వాళ్ళు ఆగలేదు. అక్టోబర్ 30న సాన్ ఫెర్నాండో పట్నం అంచున కాల్పులు జరిగాయి. తక్కువలో తక్కువ 16 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో హిందువులూ ఉన్నారు. పీర్ల పండుగ నాడు ఆలావా చుట్టూ మా ఊళ్ళో అసయ్‌దూలా ఆడేది ఎవరో, పీరును ఎత్తుకునేది ఎవరో, దట్టీలు కట్టేది ఎవరో చూసి పెరిగినవాణ్ణి. నాకు ఆ జాబితాలో ఆశ్చర్యమేమీ కనపడలేదు. గుండె మాత్రం బరువెక్కింది.

మళ్ళీ షక్కర్ దగ్గరికి వస్తాను. ఆ దీవుల్లో అది దాదాపు కథ ముగించుకుంది. ట్రినిడాడ్‌లో సర్కారీ షక్కర్ కంపెనీ 2003లో మూతపడింది. సెయింట్ కిట్స్ అనే చిన్న దీవిలో 2005లో. ఆ సెయింట్ కిట్స్‌లో చెరకు మోయడానికి వేసిన చిన్న పట్టాల మీద ఇప్పుడు క్రూజ్ షిప్పు దిగినవాళ్ళను ఎక్కించుకుని రంగుల రైలు తిరుగుతుంది. కిటికీలోంచి చూస్తే చెరకు లేని చేలు.

ఇక్కడ మాదీ చెరకు ఇలాకానే. మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ నిజాంసాగర్ కట్టించి 1931కల్లా పూర్తి చేశాడు. కాలువ నీళ్ళు పారిన చోట చెరకు లేచింది. 1937లో నిజాం సర్కారు బోధన్‌లో షక్కర్ ఫ్యాక్టరీ పెట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళం. దాని చుట్టూ లేచిన బస్తీ పేరే షక్కర్‌నగర్. తీపి మీద ఊరి పేరు పెట్టుకున్నవాళ్ళం మేం. చలికాలం గానుగ సీజన్‌లో ఎడ్లబండ్లు, తర్వాతి రోజుల్లో ట్రాక్టర్లు, లారీలు కాటా దగ్గర వరస కట్టేవి. మేం వెనకనుంచి చెరకు గడలు లాగి పరిగెత్తేవాళ్ళం. మొలాసిస్ వాసన ముక్కుకు పట్టిందంటే సీజన్ మొదలైనట్టు. సైరన్ కూతతో ఊళ్ళో గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులు, మరాఠీ మాట్లాడేవాళ్ళు, ఉర్దూవాళ్ళు, ఊరి మాదిగ మాలలు, అందర్నీ ఒక్క సైరనే లేపేది.

2002లో సర్కారు 51 శాతం వాటా ప్రైవేటు వాళ్ళకిచ్చింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్. దార్‌బూసియే జాగాలో మ్యూజియం తలుపు తెరుచుకున్న సాలే మా గేటు మూతపడింది. మజ్దూర్లు జీతం బకాయిల కోసం టెంట్లు వేసి కూర్చున్నారు. 2019లో ఆస్తులమ్మి లెక్కలు తేల్చమని ట్రిబ్యునల్ హుకుం. 2024లో మళ్ళీ తెరిపించడం మీద కొత్త సర్కారు కమిటీ వేసింది. మా దగ్గర షక్కర్ పోతే క్రూజ్ షిప్పు రాదు. సమందర్ మాకు వందల కిలోమీటర్ల దూరం. మా పిల్లలే సమందర్ దగ్గరికి పోతారు.

భాంజాకు ఒక మెసేజ్ పెట్టాను. ఈసారి ఆ రేవులో దిగితే స్మారకం దగ్గరికి పోయి, రాతిమీద ఏముందో ఫోటో తీసి పంపు అని. మూడు వారాల తర్వాత జవాబొచ్చింది. "మామూ, మాకు బయటికి ఇచ్చింది రెండు గంటలే. అమ్మీకి రుమాల్ కొనేసరికే సైరన్ కొట్టిండ్రు."

కాంట్రాక్టు అయిపోయి వాడు ఇంటికొచ్చిన రోజు ఆ గళ్ళ రుమాల్ మా ఆపా విప్పి దీపం కింద చూసింది. వేలితో నేత రుద్దింది. "ఇది అబ్బా లుంగీ గళ్ళే గదరా" అంది. తర్వాత కొంగు సర్దుకుని అడిగింది, "అక్కడి ఫ్యాక్టరీ ఎప్పుడు బంద్ అయిందట?"

1980 అన్నాడు వాడు.

"అంటే మనకన్న ముందే," అంది ఆపా, రుమాల్ మడత పెట్టి బీరువాలో అబ్బా బట్టల పక్కన పెడుతూ.