ప్రభువు బల్ల – అయోగ్యతా భావం: ఒక పరిశీలన

బల్లారాధన నాడు మన సంఘాల్లో సేవకుడు మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం తీస్తాడు. అయోగ్యంగా తిని తాగేవాడు అపరాధి అవుతాడన్న 27వ వచనం వినగానే కొందరు లేవకుండా కూర్చుండిపోతారు. మనసు సరిగా లేదు, వచ్చే నెల తీసుకుంటామంటారు. ఈ వెనుకంజను భయభక్తులకు గుర్తుగా చూడటం మనకు అలవాటైపోయింది. అయోగ్యతను ఒప్పుకోవడం దేవుని దగ్గరికి వచ్చే తీరులోనే ఒక భాగమనీ, దాన్ని దూరంగా ఉండటానికి కారణం చేసుకోవడానికి అటు సువార్తల్లో గాని ఇటు ఆరాధన క్రమాల్లో గాని ఆధారం లేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

లూకా సువార్తలో కపెర్నహూము శతాధిపతి ఉదంతం (7:1–10) ఇందుకు మొదటి సాక్ష్యం. అతడు తగినవాడని యేసుతో వాదించింది యూదుల పెద్దలు. మన జనాన్ని ప్రేమించాడు, సమాజమందిరం కట్టించాడు అని లెక్క చెప్పారు. శతాధిపతి మాత్రం స్నేహితులను పంపి, యేసు తన ఇంటికి రావడానికి గాని, తాను ఆయన ఎదుటికి వెళ్లడానికి గాని తగనని చెప్పించాడు. అలాగని దాసుణ్ణి బాగుచేయమన్న మనవిని వెనక్కి తీసుకోలేదు. యేసు మెచ్చుకున్నది పెద్దలు చదివిన యోగ్యతల చిట్టాను కాదు, ఈ మనిషి విశ్వాసాన్ని. తప్పిపోయిన కుమారుని ఉపమానం (15:11–32) మరింత సూక్ష్మంగా ఉంది. దూరదేశంలో అతడు సిద్ధం చేసుకున్న మాటలు మూడు: పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను కూలివాడిగా పెట్టుకో. తండ్రి ఎదుట మొదటి రెండే పలికాడు. మూడోది నోటికి రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులకు చెప్పాడు. తగనన్న ఒప్పుకోలును తండ్రి ఆపలేదు, కూలి బేరానికి మాత్రం చోటివ్వలేదు.

ఆరాధన సంప్రదాయం కూడా ఈ క్రమాన్నే పాటించింది. థామస్ క్రాన్మర్ 1548లో ఇంగ్లండు సంఘానికి సిద్ధం చేసిన బల్లారాధన క్రమంలో ఒక వినయ ప్రార్థన ఉంది. మార్కు 7వ అధ్యాయంలోని సురోఫెనికయ స్త్రీ మాటను తలపిస్తూ, బల్ల కింద రొట్టెముక్కలు ఏరుకోవడానికైనా తగమని సంఘమంతా ఒప్పుకునే ప్రార్థన అది. దాని స్థానం గమనించదగ్గది. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన రెండూ ముగిశాకే, రొట్టె అందుకోవడానికి ముందు అది వస్తుంది. 1552, 1662 ప్రార్థన గ్రంథాల్లో దాని చోటు కొంత జరిగినా, క్షమాపణ ప్రకటన తరవాతే నిలిచింది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం కూడా తన ఆరాధన క్రమంలో దాన్ని ఉంచుకుంది. రోమన్ కతోలిక పూజలో సత్ప్రసాదం స్వీకరించే ముందు విశ్వాసులు శతాధిపతి మాటలనే తమవి చేసుకుంటారు. అంటే క్షమాపణ పొందినవారు కూడా యోగ్యులమని చెప్పుకోరు. తగమంటూనే బల్ల దగ్గరికి నడుస్తారు.

మరి పౌలు హెచ్చరిక మాటేమిటన్నది సహజమైన అభ్యంతరం. జవాబు అదే అధ్యాయం 17వ వచనం నుంచి మొదలవుతుంది. కొరింథులో కొందరు ఎవరికి వారు ముందే తిని మత్తులయ్యేవారు, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. పేదలను సిగ్గుపరచిన ఈ భోజన తీరునే పౌలు ఖండించాడు. పైగా 28వ వచనం తన్ను తాను పరీక్షించుకుని తినమంటుంది. పరీక్షించుకుని మానుకోమనదు. ఇంత సులువుగా రానిస్తే కృప చౌకైపోదా అన్నది రెండో ప్రశ్న. శిష్యత్వం అడగని చౌక కృపను డీట్రిక్ బాన్‌హోఫర్ 1937లో తీవ్రంగానే విమర్శించాడు. అయితే జక్కయ్య కథలో (లూకా 19:1–10) యేసు ముందు అతని ఇంటికి వెళ్లాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్న నిర్ణయం ఆ తరవాత వచ్చింది. దగ్గరితనం మార్పుకు దారితీసిందే గాని దాని అవసరాన్ని తీసివేయలేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మన సమాజం నుంచే వస్తుంది. తరతరాలుగా తగరని ఊరి బయట ఉంచిన దళితులతో దేవుని ఎదుట కూడా ‘తగను’ అనిపించడం పాత గాయాన్ని మళ్లీ రేపడం కాదా? తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదిది. అయితే దేవుని ఎదుట అయోగ్యత అందరిదీ (రోమా 3:23). కనుక ఒకరి మీద మరొకరు మోపే అంతరానికి అందులో చోటు లేదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ మాదిగలను చేర్చుకున్నప్పుడు పై కులాలవారు అభ్యంతరం చెప్పారు. ఆ సందిగ్ధంలో తనకు దారి చూపింది మొదటి కొరింథీ పత్రికే, లోకం నీచమన్నవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే 1:26–29 వచనాలేనని ఆయన రాసుకున్నాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, వారిలో అత్యధికులు మాదిగలు. అణగినవారిని బల్ల నుంచి తరిమే ఆయుధంగా నేడు వినిపిస్తున్న 27వ వచనం నిజానికి వారిని చిన్నబుచ్చినవారి మీద తీర్పు.

అందుకే బల్లారాధనలో ఈ అధ్యాయాన్ని 23 నుంచో 27 నుంచో కాక 17వ వచనం నుంచే చదవాలి. అలా చదివితే, తాము తగమని కుమిలిపోయేవారు ముందుకు వస్తారు. పక్కవాడు తగడనుకునేవారే తమను తాము పరీక్షించుకోవలసి వస్తుంది.