తపాలా సంచీ నుంచి కొరియరు పార్సెల్ దాకా

ప్రత్యేక సంచికకు పాత రోజుల సంగతి ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. రైలు తపాలా సర్వీసులో సార్టరుగా ముప్పై ఏళ్లకు పైబడి పని చేసి, రిటైరయ్యాక సామర్లకోటలో స్థిరపడినవాణ్ణి. ఒక మూట ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా వెళుతుందన్నదే నాకు బాగా తెలిసిన విషయం. నేడు మన ఊళ్లో ఏ వీధి చూసినా కొరియరు కుర్రవాళ్ల మోటారు సైకిళ్లే. మన మనుమలు ఇదంతా సరికొత్త ఏర్పాటని అనుకుంటున్నారు. అందులో కొత్త ఎంతో పాత ఎంతో మనవంటివారు చెబితేనే తెలుస్తుంది.

ఏ పార్సెల్‌కైనా మజిలీలు నాలుగు: సేకరణ, వర్గీకరణ, రవాణా, బట్వాడా. కంపెనీ పేరు ఏదైనా, కాలం ఏదైనా ఈ నాలుగూ తప్పవు.

ముందు రవాణా సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారిన తర్వాత మన ప్రాంతంలో సరుకుకు పడవ దారి దొరికింది. రైలు లేని రోజుల్లో టపా రన్నరు కాళ్ల మీద నడిచేది. భుజాన సంచీ, చేతిలో గంటలు కట్టిన బల్లెం. ఒక మజిలీలో ఒకడు ఆగితే అక్కడి నుంచి రెండోవాడు అందుకునేవాడు. 1893–96 మధ్య విజయవాడ నుంచి కటకం వైపు ఈస్టుకోస్టు రైలుమార్గం వేశారు. 1900లో రాజమండ్రి వద్ద హేవలాక్ వంతెన తెరిచారు. కాకినాడ రేవుకు వెళ్లే శాఖ మన ఊరి దగ్గరే చీలడంతో సామర్లకోట జంక్షన్ అయింది. పెద్ద లైను మీద వచ్చిన సంచీలు ఇక్కడ దిగి కాకినాడ, పెద్దాపురం, మెట్ట గ్రామాల వైపు విడిపోయేవి. మెయిలు బండికి ఆ పేరు టపా మోసినందువల్లే వచ్చిందని నేటి ప్రయాణికులలో ఎందరికి తెలుసు?

ఇక వర్గీకరణ. నడుస్తున్న రైల్లోనే ఉత్తరాలు విడదీసే పద్ధతి మన దేశంలో 1860లలో అలహాబాదు, కాన్పూరుల మధ్య మొదలైంది. మా పెట్టెలో గోడ పొడవునా గూళ్లు, ఒక్కొక్క గూటికి ఒక్కొక్క ఊరు. రాజమండ్రి దాటితే సామర్లకోటకు సుమారు యాభై కిలోమీటర్లు. ఆ కాస్త వ్యవధిలో కాకినాడ వైపు ఉత్తరాలన్నీ కట్టలు కట్టి, సంచీ మూతి బిగించి, లక్క సీలు వేసి, జాబితా వ్రాసి సిద్ధంగా ఉంచాలి. బండి ఊగుతున్నా అక్షరం తప్పరాదు. ప్లాట్‌ఫారం మీద సంచీ అందుకున్నవాడు సంతకం చేస్తేనే మా బాధ్యత తీరేది. చేయి మారిన ప్రతి చోటా సంతకం ఉండేది గనుక సంచీ ఎక్కడ తప్పిందో ఆ కాగితాలే చెప్పేవి. నేడు కొరియరువారు ప్రతి మజిలీలో గీతల ముద్రకు యంత్రం చూపించి ‘టిక్’ మనిపిస్తున్నదీ ఆ సంతకాన్నే.

ఊళ్ల పేర్లతో మాకు పెద్ద చిక్కు. ఒకే పేరు గల ఊళ్లు జిల్లాకు రెండు మూడు ఉంటాయి. మన సామర్లకోటనే ఇంగ్లీషులో సామల్‌కోట్ అని వ్రాస్తారు. ఈ చిక్కు తీర్చడానికి 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ ప్రవేశపెట్టారు. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. మన 533440లో మొదటి అంకె 5 దక్షిణాదిలోని ఒక మండలానికి గుర్తు, 533 వర్గీకరణ జిల్లాకు, చివరి మూడంకెలు బట్వాడా చేసే ఆఫీసుకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మన ఊరు కాకినాడ జిల్లాలో చేరినా ఆ అంకెలు మారలేదు. ఈనాడు ప్రైవేటు కంపెనీలన్నీ వస్తువు కొనేముందు అడిగేది ఆ ఆరంకెలనే. ప్రభుత్వ శాఖ వేసిన బాట మీద అందరి బండ్లూ నడుస్తున్నాయి.

కొరియరు పద్ధతి మన దేశంలో 1980లలో ఊపందుకుంది. బ్లూడార్ట్ 1983లో, ప్రొఫెషనల్ కొరియర్స్ 1987లో, డి.టి.డి.సి. 1990లో వచ్చాయి. మన శాఖ కూడా 1986 ఆగస్టు 1న స్పీడ్‌పోస్టు ప్రారంభించింది. అప్పటి 1898 చట్టం ప్రకారం ఉత్తరం మోసే హక్కు ప్రభుత్వానిదే. అందుకని కొరియరువారు తాము మోసేవి ఉత్తరాలు కావు, ‘డాక్యుమెంట్లు’ అనేవారు. 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో ఆ ప్రత్యేక హక్కు లేదు. అది 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది.

వారి ఏర్పాటు ఇలా ఉంటుంది. ఊళ్లో కమీషను మీద ఒక కౌంటరు. పగలు పోగైన పార్సెళ్లు సాయంత్రానికి దగ్గరి పట్టణంలోని శాఖకు, అక్కడి నుంచి పెద్ద కూడలికి చేరతాయి. రాత్రంతా అక్కడ విడదీసి లారీలకెత్తుతారు. తెల్లవారేసరికి గమ్యం ఉన్న ఊరి శాఖలో దిగుతాయి. అమెరికాలో ఫెడెక్స్ 1973 ఏప్రిల్‌లో మెంఫిస్ నగరం కూడలిగా తొలి రాత్రి 25 నగరాలకు 186 పార్సెళ్లు మోసింది. పక్క ఊరికి పోవలసినదైనా ముందు కూడలికి వెళ్లి తిరిగి రావలసిందే. వినడానికి వింతగా ఉన్నా, ప్రతి ఊరి నుంచి ప్రతి ఊరికీ బండి వేయడం కంటే ఇదే చవక. జంక్షన్ ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. వస్తువు ఇచ్చి సొమ్ము పుచ్చుకునే పద్ధతీ కొత్తది కాదు. 1877లోనే మన శాఖ వి.పి.పి. ప్రారంభించింది. పుస్తకాలు, మందులు ఎన్ని ఇళ్లకు అలా చేరాయో!

కొరియరువారు నిజంగా కొత్తగా చేసింది సేకరణలో. మన కాలంలో పంపేవాడు పోస్టాఫీసు గుమ్మం ఎక్కాలి. రైల్వే పార్సెల్‌కైతే ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ స్టేషనుకు రావాలి. బస్సు పార్సెలూ అంతే. వీరు దుకాణం దగ్గరకే వచ్చి సరుకు తీసుకున్నారు. వర్తకులు అటు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

మిగిలింది బట్వాడా. అన్నిటికన్నా ఖర్చయ్యేది ఇదే. లారీలో వెయ్యి పార్సెళ్లు ఒక్కసారే వెళతాయి. ఊళ్లోకి వచ్చాక ఒక్కొక్కటీ ఒక్కొక్క గుమ్మానికి మోయాలి. తలుపు తాళం వేసి ఉంటే మళ్లీ రావాలి. ఈ ఖర్చు తగ్గించడానికి ఆనాటి నుంచి ఈనాటి వరకు దొరికిన ఉపాయం ఒక్కటే: ఆ చివరి మనిషికి తక్కువ ఇవ్వడం.

మన శాఖ చరిత్ర చూడండి. స్వాతంత్య్రం నాటికి దేశంలో 23,344 పోస్టాఫీసులు ఉండగా, నేడు లక్షా అరవై వేలు దాటాయి. అత్యధికం పల్లెల్లోనే. వాటిని నడిపినది బడిపంతుళ్లు, చిల్లర దుకాణదారులు, చిన్న రైతులు. ఇంటి అరుగే పోస్టాఫీసు. వారి పేరు ‘ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్’, అంటే శాఖకు బయటివారు. వారివి సివిల్ పోస్టులేనని 1977లో పి.కె.రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001లో గ్రామీణ డాక్ సేవకులని పేరు మారింది. 2018 జులై నుంచి అలవెన్సు పెరిగింది. 65 ఏళ్ల వరకు పని చేస్తారు. కాని మనం నెలనెలా అందుకుంటున్నటువంటి పెన్షను వారికి నేటికీ లేదు. సుమారు రెండున్నర లక్షల మంది సంగతి ఇది.

మా ఇంటికి వచ్చే కొరియరు కుర్రవాణ్ణి మంచినీళ్లిచ్చి ఒకనాడు అడిగాను. జీతం లేదట. పార్సెల్‌కు ఇంత అని లెక్క. బండి తనదే, పెట్రోలు తనదే. “తలుపు తీయకపోతే ఆ ట్రిప్పు నాదేనండి” అన్నాడు. 2020 సామాజిక భద్రతా స్మృతిలో ఇటువంటి పనివారికి ‘గిగ్ కార్మికులు’ అని నిర్వచనం చేర్చారు. పేరు దొరికింది. పెన్షను అన్న మాటకు ఇంకా చాలా దూరం ఉంది.

మిత్రులారా, మన పెన్షను ఎవరి దయవల్లనో రాలేదు. సంఘం కట్టి, వినతిపత్రాలు వ్రాసి, కోర్టులకెక్కి సాధించుకున్నాము. అందుచేత ఈ ఏడాది మహాసభ తీర్మానాలలో మన కరువు భత్యం, వైద్య సదుపాయాల పక్కన గ్రామీణ డాక్ సేవకుల పెన్షను కోర్కెను కూడా చేర్చవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. మనం సీలు వేసి దింపిన సంచీని ఎండలో, వానలో ఊరి చివరి ఇంటిదాకా మోసినవారు వారే.